ముఠా మేస్త్రీల గోడు వినండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మిరప కోతలకు కూలీలను తీసుకొచ్చే ముఠా మేస్త్రీల గురించి రాస్తున్నాను. తెల్లారకముందే ఆటో మాట్లాడేది, పొలంలో మంచినీళ్లు చూసేది, సాయంత్రం లెక్క రాసేది వాళ్లే. రైతు డబ్బు ఆలస్యమైతే కూలీలు నిలదీసేది మేస్త్రీనే. అప్పు తెచ్చయినా సర్దాలి. మా వదిన ఆ పనే చేస్తుంది. ఎండకు ఒకామె పడిపోతే ఆసుపత్రి ఖర్చంతా తనే పెట్టుకుంది. కోతలైపోయేదాకా వదినకు అదే టెన్షన్. మేస్త్రీలంటే దళారులని చాలామంది అనుకుంటారు. వదినలాంటి వాళ్లు కూలీలతో పాటు కాయ కోస్తారండీ!

అసంఘటిత కార్మికుల నమోదుకు కేంద్రం పెట్టిన పోర్టల్, 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో వీళ్లను ఊళ్లోనే నమోదు చేయించండి. ప్రమాద బీమా ఇప్పించండి. అన్నిటికంటే ముందు, కూలి బాకీల ఫిర్యాదు మండలంలోనే తీసుకునే ఏర్పాటు కావాలి. అదీ కోతలు ముమ్మరం కాకముందే.

ఇట్లు,
ఒక మేస్త్రీ ఆడపడుచు