సైలెన్సర్‌కి అతుకులు వద్దు, గొట్టమే మార్చండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే లంబసింగి, వంజంగి, బొర్రా నుంచి కటికి జలపాతం దారుల్లో పాత మహీంద్రా జీపులకు తీరిక ఉండదు. కార్లు ఎక్కలేని రాళ్ల బాటల్లో పర్యాటకులనైనా, సంతకెళ్లే జనాన్నైనా మోసేవి అవే. వాటిలో చాలావాటికి ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. కింద పొగగొట్టం మాత్రం అతుకుల బొంత. కన్నం పడినచోట రేకుముక్క చుట్టి వెల్డింగ్ కొట్టిస్తారు, వేలాడేచోట బైండింగ్ వైరు కడతారు, చప్పుడు తగ్గితే పని అయిపోయిందనుకుంటారు.

అసలు చిక్కు చప్పుడు కాదు. కమాండర్ లాంటి జీపుల్లో ఆ గొట్టం జనం కాళ్ల కిందుగానే వెనక్కి పోతుంది. నేల రేకుకి తుప్పు కన్నాలుండి, చలికని పక్క టార్పాలిన్లు దించేస్తే కారిన పొగంతా లోపలికే వస్తుంది. డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పెట్రోలుతో నడిచే మారుతి జిప్సీలో కార్బన్ మోనాక్సైడ్ భయం మరీ ఎక్కువ. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పో మగతో వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అనేవాళ్లున్నారు. ఆ పరీక్షలో పొగ కొలిచే ప్రోబు పెట్టేది గొట్టం చివర. మధ్యలో ఎంత కన్నం ఉన్నా ఆ అంకెలో కనపడదు. పెట్రోలు బండికైతే కన్నంలోంచి బయటిగాలి లోపలికి లాగి, అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపే అవకాశం కూడా ఉంది.

లీకు పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో గొట్టం చివర కొద్దిసేపు సగానికి పైగా మూయండి. కన్నం ఉన్నచోట బుస్సుమని వినిపిస్తుంది. ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే పోత ఇనుప భాగమైన మానిఫోల్డ్ దగ్గర నల్లటి మసి చార ఉన్నా, చల్లని ఇంజిన్‌లో టకటక వినపడి వేడెక్కాక తగ్గినా అక్కడి గాస్కెట్ (అతుకు మధ్య పొగ కారకుండా పెట్టే పలుచటి అడ్డు) పోయినట్టే. సైలెన్సర్ డబ్బాను సుత్తి పిడితో తట్టి చూడాలి. లోపల గలగలమంటే పలకలు ఊడాయి. ఊడిన పలక దారికి అడ్డుపడితే ఘాట్‌లో బండి లాగదు, నల్లపొగ కక్కుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అప్పుడు చాలామంది డీజిల్ పంపు విప్పించి డబ్బు తగలేస్తారు. ముందు డౌన్‌పైపు (మానిఫోల్డ్ నుంచి కిందికి దిగే గొట్టం) ఫ్లాంజి, అంటే బోల్టులు బిగించే అంచు, వదులుచేసి ఇంజిన్ రేజ్ చేసి చూస్తే లోపం పంపుదో సైలెన్సర్‌దో తేలిపోతుంది.

తుప్పు ఎక్కువగా లోపలినుంచే తింటుంది. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఆపేసే బండిలో డబ్బా పూర్తిగా వేడెక్కదు, ఆ ఆవిరి నీరై అడుగున నిలుస్తుంది. అందుకే పైన రంగు బాగానే కనపడుతుంది, అడుగున స్క్రూడ్రైవర్ పొడిస్తే దిగిపోతుంది. కొన్ని డబ్బాలకు కింద సన్నటి రంధ్రం ఉంటుంది. అది నీరు కారడానికి పెట్టింది, కన్నమనుకుని మూసేయొద్దు. కాలిన డబ్బాతో నేరుగా గెడ్డ (వాగు)లో దిగితే వెల్డింగ్ గీతలు చిట్లుతాయి. ఒడ్డున రెండు నిమిషాలు ఆగి దిగడం మేలు.

ఎప్పుడూ ఒకేచోట పగులుతోందంటే తప్పు గొట్టానిది కాదు, ఇంజిన్ కూర్చునే రబ్బరు మౌంటింగ్‌ది. రబ్బరు చచ్చిన మౌంటింగ్ మీద ఇంజిన్ ఊగుతుంటే ఎంత మంచి గొట్టమైనా మెడ దగ్గర విరగాల్సిందే. కొత్త సామాను కొనకముందే మౌంటింగులు చూసుకోవాలి. వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు లేవని గొట్టాన్ని ఛాసిస్‌కి నేరుగా వెల్డ్ చేయడం కూడా అలాంటి పనే.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. ముందురోజు రాత్రే నట్లకు తుప్పు వదిలించే నూనె పట్టించి, పొద్దున్న మళ్లీ పట్టించాలి. బండిని జాకీ మీదే వదిలి కిందికి దూరకూడదు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి. వెనకవైపు పాత గొట్టాన్ని గ్రైండర్‌తో కోసేయవచ్చు. మానిఫోల్డ్ స్టడ్డు (తల లేని బోల్టు) దగ్గర మాత్రం బలం వాడొద్దు. స్టడ్డు విరిగితే దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేసి, చల్లారాక తిప్పితే చాలాసార్లు వస్తుంది. సుత్తితో కొడితే పోత ఇనుప చెవి ఊడుతుంది, అప్పుడు మానిఫోల్డే మార్చాలి. ఫ్లాంజి మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూసి, వంకర ఉంటే లేతుషాపులో సాపు చేయించాలి. కొత్త గాస్కెట్, కొత్త స్టడ్లు, ఇత్తడి నట్లు వేస్తే మళ్లీ విప్పేటప్పుడు సుఖం.

గొట్టం లావు పాతదాన్ని వెర్నియర్‌తో కొలిచి అంతే తీసుకోవాలి. లావు పెంచితే ఈ ఇంజిన్‌కి పవర్ పెరగదు, రొద పెరుగుతుంది. మందం 16 గేజి, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు ఉంటే రాళ్ల దెబ్బలకు ఆగుతుంది. స్టెయిన్‌లెస్‌లో 409 రకం చాలు, 304 ఇంకా మన్నుతుంది కానీ ఖర్చు. స్టెయిన్‌లెస్‌ని మామూలు ఇనుముతో అతికేటప్పుడు 309ఎల్ రాడ్డే వాడాలి. నీళ్ల జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) ముక్క మాత్రం వద్దే వద్దు. వెల్డింగ్ వేడికి జింకు పొగై లేస్తుంది, పీల్చినవాడికి ఆ రాత్రి జ్వరం, వణుకు రావచ్చు.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి, లేకుంటే ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసేచోటికి దగ్గర్లోనే తగిలించాలి. ఎక్కడో బంపరుకి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోవచ్చు.

బిగించేటప్పుడు అన్నీ వదులుగా అమర్చి, గొట్టం తిన్నగా కూర్చున్నాకే ముందునుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ఒకదాంట్లో ఒకటి దూరే జాయింటు కనీసం 40 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. ఇంజిన్‌వైపు గొట్టమే లోపలిది కావాలి. తర్వాత వెనక యాక్సిల్‌ని జాకీతో బంప్ స్టాప్ (యాక్సిల్ ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా లేపి చూడండి. చదును నేల మీద బాగున్న గొట్టం మొదటి గోతిలోనే యాక్సిల్‌కి కొట్టుకోవడం మామూలే. బండి వేడెక్కి చల్లారాక క్లాంపులు ఒకసారి, సుమారు 200 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి.

పొగగొట్టం ఎటు తిరగాలో, ఎక్కడ ఉండాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లోనే ఉంది. 112వ నియమం ప్రకారం పొగ కిందికి గానీ ఎడమపక్కకు గానీ వదలకూడదు. ఎడమ అంటే రోడ్డు వార నడిచేవాళ్ల వైపు మరి. 113వ నియమం ప్రకారం పొగగొట్టానికి, ఇంధనం గొట్టానికి మధ్య 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ప్రయాణికుల బండ్లకు 114వ నియమం ఇంకో మాట చెబుతుంది. పొగ లోపలికి రానంత వెనకగా గొట్టం చివర ఉండాలి. పరిగెత్తే జీపు వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది కాబట్టి, చివర బాడీ దాటి రెండు మూడు అంగుళాలు బయటికి ఉండేలా వేయించాలి.

రవాణా శాఖవారికి మా విన్నపం ఒక్కటే. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్)కి వచ్చిన ప్రతి జీపుకూ పైన చెప్పిన గుడ్డ పరీక్ష చేయించండి. రెండు నిమిషాలు పట్టదు. లీకు ఉంటే అతుకు వేసుకొస్తే ఒప్పుకోకుండా, గొట్టం మార్చాకే సర్టిఫికెట్ ఇవ్వండి. స్పేర్ పార్టుల షాపులవారు కూడా హ్యాంగర్ రబ్బర్లు, ఫ్లాంజి గాస్కెట్లు విడిగా అమ్మితే బైండింగ్ వైరు అవసరం సగం తగ్గుతుంది.

ఇట్లు,
కొందరు జీపు మెకానిక్‌లు,
నర్సీపట్నం