బాలికల ఫుట్‌బాల్ విభాగం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి కుటుంబ సమేతంగా విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరులోని మన తెలుగు సంఘం నియమావళి ప్రకారం ప్రతి విభాగమూ ఏడాది పనిని సభ్యుల ముందు ఉంచవలసి ఉంది కనుక, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు బాలికల ఫుట్‌బాల్ విభాగం చేసిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను. మార్చి తరువాత జరిగిన రెండు మూడు సంగతులను కూడా చేర్చాను. అవి మన పిల్లలు వారాల తరబడి చెప్పుకున్న సంగతులు.

ఏడాది మొదట్లో 19 మంది బాలికలు ఉండేవారు, చివరికి 43 మంది అయ్యారు. మారతహళ్ళి, కుందలహళ్ళి, రామమూర్తి నగర్‌ల నుంచి వస్తున్నారు. వయసు 9 నుంచి 15 ఏళ్ళ వరకు ఉంది. ఎక్కువ మంది మన తెలుగు ఇళ్ళ పిల్లలే అయినా, పక్కింటి కన్నడ, తమిళ, మలయాళీ పిల్లలు తోడుగా వచ్చి స్థిరపడిపోయారు, వారిని కాదనడం మాకు సబబుగా తోచలేదు. శని, ఆదివారాల్లో ఉదయం ఆరున్నరకు శిక్షణ మొదలవుతుంది. కర్ణాటక మహిళల లీగ్‌లో ఆడిన అనుభవం ఉన్న యువతి మనకు కోచ్‌గా ఉన్నారు. ఏడాది మొత్తం మీద ఆమె సెలవు తీసుకున్నది రెండే ఆదివారాలు, అందులో ఒకటి ఆమె సొంత అన్నగారి పెళ్ళి.

ఈ ఏడాది మేము సగర్వంగా చెప్పుకోగలిగిన పని ఒకటుంది. మహిళల జాతీయ ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ (ఐడబ్ల్యూఎల్) జరుగుతున్న రోజుల్లో, మన నగరపు జట్టు కిక్‌స్టార్ట్ ఎఫ్‌సీ సొంతగడ్డ మీద ఆడిన ఒక ఆటకు 31 మంది బాలికలను, 12 మంది తల్లులను, ఇద్దరే ఇద్దరు తండ్రులను బస్సులో తీసుకువెళ్ళాము. టీవీలో మగవాళ్ళ ఫుట్‌బాల్ చూసి మెస్సీ పేరు, రొనాల్డో పేరు చెప్పగల పిల్లలే అందరూ. కానీ ఆడవాళ్ళు ఆడే జాతీయ లీగ్ ఆటను కళ్ళతో చూసిన పిల్ల ఆ బస్సులో ఒక్కతీ లేదు. ఆట మొదలయ్యాక వాళ్ళు అరవడం మానేసి చూడసాగారు. మన జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడే పదమూడేళ్ళ అమ్మాయి సగం ఆట వరకు బంతి వంకే చూడలేదు, అక్కడి గోల్‌కీపర్‌నే చూస్తూ కూర్చుంది. ఎందుకని అడిగితే, "ఆంటీ, ఆ అక్క ఆపకుండా మాట్లాడుతూనే ఉంది, డిఫెండర్లకు ఎక్కడ నిలబడాలో చెబుతూనే ఉంది" అన్నది. అంతవరకు నోరు మెదపని ఆ పిల్ల తరువాతి ఆదివారం మన మైదానంలో "ఎడమ వైపు! ఎడమ వైపు! వదలొద్దు!" అని అరుస్తుంటే, నడకకు వచ్చిన పెద్దవాళ్ళు ఆగి చూశారు. కోచ్ ఏడాదిగా చెబుతున్నా రానిది తొంభై నిమిషాల్లో వచ్చింది.

దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గత సమావేశంలో కొందరు సభ్యులు, బాలికల ఫుట్‌బాల్‌కు ఇంత ఖర్చు దేనికి, ఆ ఆటకు మన దేశంలో భవిష్యత్తు ఎక్కడుంది అని అడిగారు. వారి కోసం ఆ లీగ్ నడిచిన దారిని కొంచెం చెప్పాలి. మొదటి సీజన్ తుది దశ 2017 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఢిల్లీలో 6 జట్లతో జరిగింది, ఇంఫాల్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. ఆ తరువాత షిల్లాంగ్, లూధియానా, బెంగళూరు, ఒడిశా, అహ్మదాబాద్, ఇలా ఒక్కో సీజన్‌కు ఒక్కో చోటు; కోవిడ్ వల్ల 2020–21లో అసలు ఆటే లేదు. జట్లన్నీ ఒకే చోట దిగి, కొద్ది వారాల్లో ఆడేసి, కప్పు ఎవరిదో తేల్చుకుని ఇళ్ళకు వెళ్ళిపోయేవి. ఆ చోటు కాని చోట పెరిగే ఆడపిల్లకు ఆ లీగ్ ఉన్నా లేనట్టే. 2023 డిసెంబరులో మొదలైన సీజన్ నుంచి పద్ధతి మారింది. ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ సొంత ఊళ్ళో ఒకసారి, ఎదుటివారి ఊళ్ళో ఒకసారి ఆడాలన్నారు. ఆ ఏడు 7 జట్లతో 42 ఆటలు జరిగాయి, ఒడిశా ఎఫ్‌సీ గెలిచింది. 2024–25లో 8 జట్లు, 56 ఆటలు. ఈస్ట్ బెంగాల్ గెలిచింది. కింది అంచెగా ఐడబ్ల్యూఎల్ 2 కూడా వచ్చింది.

అహ్మదాబాద్‌లో 16 జట్లు ఆడితే 2024–25లో 8 ఆడాయి, దీన్ని పెరుగుదల అని ఎలా అంటారని మన ఉపాధ్యక్షుల వారు నన్ను సూటిగా అడిగారు. మంచి ప్రశ్నే. కానీ అప్పుడు ఎనిమిదేసి జట్లతో రెండు గ్రూపులు ఉండేవి, గ్రూపు దాటలేని జట్టుకు 7 ఆటలతో జాతీయ లీగ్ ముగిసిపోయేది. 2024–25లో చివరి స్థానంలో ఉన్న జట్టు కూడా 14 ఆటలు ఆడింది, వాటిలో 7 సొంత ఊరి వాళ్ళ ముందు ఆడింది. నెలల తరబడి జరిగే లీగ్‌లో గాయపడిన అమ్మాయి కోలుకుని తిరిగి ఆడగలదు, ఓడిన జట్టు తప్పు దిద్దుకోగలదు. జట్ల సంఖ్య ఇంకా పెరగాలనే నా కోరిక కూడా. అయినా లీగ్ మన ఊరికి రావడమన్నది అన్నిటికన్నా పెద్ద మార్పు అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. 2020 ఫిబ్రవరి 14న ఇదే బెంగళూరులో, బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో గోకులం కేరళ జట్టు మణిపూర్ జట్టు క్రిఫ్సాను 3–2తో ఓడించి కప్పు గెలిచింది. మనందరం అప్పుడు ఈ ఊళ్ళోనే ఉన్నాం. మన సంఘం నుంచి ఒక్కరం కూడా వెళ్ళలేదు, అలాంటిది జరుగుతోందని కూడా మనకు తెలియదు. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

డబ్బు సంగతి కూడా తల్లిదండ్రులు అడుగుతున్నారు. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో, ప్రతి క్లబ్బూ కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని నిర్ణయించింది. నెలకు లెక్కిస్తే 26 వేలు దాటుతుంది, ఈ ఊళ్ళో అద్దెలు కట్టే మనకు అది ఎంత చిన్న మొత్తమో తెలుసు. కానీ అంతకు ముందు కనీసం అన్న మాటే లేదు.

పిల్లల గదుల్లో గోడల మీద సౌమ్య గుగులోత్ బొమ్మ కనిపించడం ఈ ఏడాది నేను చూసిన మరో సంతోషం. నిజామాబాద్ జిల్లా అమ్మాయి. గోకులం కేరళకు ఆడింది, 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది, తిరిగి వచ్చి 2024–25లో లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆ సీజన్‌కు సమాఖ్య ఇచ్చిన ఉత్తమ మహిళా క్రీడాకారిణి పురస్కారం కూడా ఆమెదే. అయినా ఇన్నేళ్ళలో ఈ లీగ్ పై అంచెలో మన రెండు రాష్ట్రాల నుంచి ఒక్క క్లబ్బు కూడా ఆడలేదు. సేతు ఎఫ్‌సీ మధురై నుంచి వచ్చి 2019లో కప్పు పట్టుకుపోయింది. విజయవాడ, వరంగల్, విశాఖలకు ఆ భాగ్యం ఎప్పుడో! 2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో మన దేశపు మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా మొదటిసారి ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. సంగీతా బాస్ఫోర్ కొట్టిన రెండు గోల్స్‌నూ మా పిల్లలు మైదానంలో ఎన్నిసార్లు ఆడి చూపించారో లెక్క లేదు.

ఇక చెప్పక తప్పని మాటలు. గత సమావేశంలో 14 మంది సభ్యులు స్వచ్ఛంద సేవకులుగా పేర్లు ఇచ్చారు. వారిలో ఏడాది పొడవునా వచ్చినవారు నలుగురు, ఆ నలుగురూ తల్లులే. ఆదివారం పొద్దున్నే లేవడం ఎవరికైనా కష్టమేనని నాకు తెలుసు, నాకూ కష్టమే. కానీ రాలేనివారు శనివారం రాత్రి ఒక మాట చెబితే మరొకరిని పిలుచుకుంటాం. కోన్లు పరిచేవారు, నీళ్ళ క్యాన్ మోసేవారు, పిల్ల మడమ బెణికితే పక్కన కూర్చునేవారు లేక, కోచ్ ఒక్కతే 43 మందిని చూసుకున్న ఉదయాలు చాలా ఉన్నాయి. సంక్రాంతి ముగ్గుల పోటీకి, ఉగాది కవి సమ్మేళనానికి వేదిక నిండా కనిపించే మన పెద్దలు మైదానం గట్టు మీద ఒక్కసారి కూడా కనిపించలేదు.

మైదానం కేటాయించే కార్యాలయం చుట్టూ మేము తొమ్మిదిసార్లు తిరిగాము. ప్రతిసారీ కొత్త కాగితం అడిగారు. అనుమతి ఉన్న ఆదివారాల్లో కూడా మూడుసార్లు వెళ్ళేసరికి షామియానా వేసి ఉంది, మేకులు కొట్టిన గుంతల్లో పిల్లలు పరిగెత్తలేక వెనుదిరిగాము. స్త్రీల మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరూ చెప్పరు. మగపిల్లల జట్లకు ఇది ఇబ్బంది మాత్రమే. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు ఇది ఆట మానేయడానికి తగినంత కారణం, ఆ కారణంతోనే ఇద్దరు మానేశారు. మరో ముగ్గురిని ఎండకు నల్లబడుతున్నారని, పదో తరగతి దగ్గర పడుతోందని, పొట్టి నిక్కర్లేమిటని ఇంట్లో మాన్పించారు. ఆ ఇళ్ళకు నేను స్వయంగా వెళ్ళాను. ఒకరిని మళ్ళీ ఆటకు పంపించారు, లెగ్గింగ్స్ వేసుకుని ఆడుతోంది, ఆటకు ఏ లోటూ లేదు.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది ఉన్నారు. ఏడాదంతా ఆదివారం ఉదయాలు పిల్లలకు ఇడ్లీలు సగం ధరకు ఇచ్చిన టిఫిన్ సెంటర్ నెల్లూరు దంపతులకు, లీగ్ ఆట చూడడానికి బస్సును డీజిల్ ఖర్చులకే ఇచ్చిన కర్నూలు ట్రావెల్స్ యజమాని గారికి, 20 జతల స్టడ్ బూట్లు, కాళ్ళకు కట్టుకునే షిన్‌గార్డులు కొనిచ్చిన, పేరు రాయవద్దన్న సభ్యురాలికి, వర్షాకాలంలో తమ అపార్ట్‌మెంట్ ఆవరణను వాడుకోనిచ్చిన నివాసుల సంఘానికి, గాయాలకు ఉచితంగా చికిత్స చేసిన ఫిజియోథెరపీ డాక్టరమ్మకు, కన్నడంలో దరఖాస్తులు రాసిపెట్టిన పొరుగింటి మాస్టారికి, జట్లను గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసుకునే బిబ్‌లు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిన అమ్మమ్మ గారికి విభాగం తరఫున పేరుపేరునా నమస్కరిస్తున్నాను. మా కోచ్‌కు ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే, ఆమె గౌరవ వేతనం పెంచాలని కార్యవర్గాన్ని గట్టిగా కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ఆడిటర్ సంతకంతో విడిగా జతపరిచారు. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) అద్దె అనుకున్నదానికన్నా ఎక్కువైంది, మైదానం దొరకని వారాల్లో వేరే దారి లేకపోయింది. స్వల్ప లోటును సాధారణ నిధి నుంచి భర్తీ చేశాము. 11 మంది సభ్యుల చందా ఇంకా రావలసి ఉంది.

వచ్చే ఏడాదికి సభ ఆమోదం కోసం రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. లీగ్ షెడ్యూల్ వెలువడగానే బెంగళూరులో జరిగే ప్రతి ఆట తేదీని సంఘం క్యాలెండర్‌లో పండుగలతో పాటు అచ్చు వేయాలి, ప్రతి ఆటకూ కనీసం ఒక బస్సు వెళ్ళాలి, అందులో సగం సీట్లలో పెద్దలు ఉండాలి. రెండోది, మరుగుదొడ్డి తాళం గురించి అధ్యక్షుల వారు స్వయంగా ఆ కార్యాలయానికి రావాలి, నేను తోడు వస్తాను. స్వచ్ఛంద సేవకుల పుస్తకం తలుపు పక్కన బల్ల మీద ఉంది. ఈసారి పేరుతో పాటు ఏయే ఆదివారాలు రాగలరో తేదీలు కూడా రాయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి, బాలికల ఫుట్‌బాల్ విభాగం,
బెంగళూరు, ఆగస్టు 2025