అసిటైల్‌కోలిన్ గురించి

చి. అమ్మలుకు అమ్మ ఆశీస్సులు.

నాడుల చివర్ల నుంచి వెలువడి సందేశం మోసే రసాయనం అసిటైల్‌కోలిన్ కదా, కండరాన్ని ముడిచే అదే గుండెను ఎలా నెమ్మదింపజేస్తుందో ఎన్నిసార్లు చదివినా కొరుకుడు పడడం లేదని మొన్న ఫోనులో అన్నావు. డ్యూటీలో ఉండి ముక్తసరిగా చెప్పాను కాబట్టి ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

ఆజ్ఞ ఆ పదార్థంలోనే ఉందనుకోవడం వల్లనే నీకు ఈ చిక్కు వచ్చింది. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు చేరే, దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందిస్తే, నాడిని ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో పనిచేసినది అసిటైల్‌కోలిన్. మా రోజుల్లో ఫార్మకాలజీ ల్యాబ్‌లో అదే అసిటైల్‌కోలిన్ కప్ప పొట్టకండరానికి తగలగానే కండరం ముడుచుకుని, దాని కదలికను నమోదు చేసే మసి పూసిన డ్రమ్ము మీద గీత పైకి లేచేది. తేడా అంతా గ్రాహకాలది, అంటే ఆ రసాయనం వచ్చి అంటుకునే కణం మీది ప్రోటీన్లది. కండరం మీది నికోటినిక్ గ్రాహకం తానే ఒక ద్వారం. రెండు అణువులు అంటుకోగానే తెరుచుకుని సోడియంను లోపలికి వదులుతుంది. గుండెలోని మస్కరినిక్ గ్రాహకానికి సొంత ద్వారం లేదు; అది కణం లోపల కబురు మోసే జి-ప్రోటీన్‌ను కదిలిస్తే, ఆ ప్రోటీన్ వేరేచోటి పొటాషియం ద్వారాలను తెరుస్తుంది, పొటాషియం బయటికి పోయేకొద్దీ గుండె లయ మందగిస్తుంది.

ఈ తేడా నాకు పుస్తకంలో కంటే వార్డులోనే బాగా అర్థమైంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, మిరపతోటలో ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు కొట్టి పడిపోయిన రైతును తెచ్చారు. అసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమును ఆ మందు పనిచేయనివ్వదు కనుక, అది పేరుకుపోయి రెండు రకాల గ్రాహకాలనూ వదలకుండా పట్టుకుంటుంది. నోటి నిండా చొంగ, ఛాతీలో గురక, సూదిమొనలంత కంటిపాపలు, అదిరే కండరాలు. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కించగా ఎక్కించగా చొంగ ఆగింది, ఛాతీ తేటపడింది, నాడి వేగం పుంజుకుంది. నోరు ఎండిపోతోందని అతను నీళ్లడిగితే, గండం గడిచిందని నేను సంబరపడ్డాను.

మా సీనియర్ మాత్రం అతన్ని దిండు మీది నుంచి తల ఎత్తమన్నారు. ఎత్తలేకపోయాడు. అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకాలనే అడ్డుకుంటుంది. మెడకూ ఊపిరికీ పనిచేసే కండరాల మీద ఉన్నవి నికోటినిక్ గ్రాహకాలు; వాటిని అసిటైల్‌కోలిన్ వదలకుండా పట్టుకోవడంతో మొదట అదిరిన ఆ కండరాలు తర్వాత చచ్చుబడ్డాయి. ఆ రాత్రే అతన్ని వెంటిలేటర్ మీద పెట్టాం.

ఇట్లు,
మీ అమ్మ