కామెంట్లు సరిచేయడమూ ప్రాజెక్టే

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలు అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు కొనుక్కుని సబ్మిట్ చేస్తున్నారని మీ పత్రికలో చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాదాపూర్‌లో ఇరవై రెండేళ్లుగా డేటాబేస్ పని చేస్తున్నదాన్ని. ఆ పిల్లల్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వాళ్ల చేతికి అందే అసలైన పని ఒకటుందని చెప్పేవాళ్లు కనిపించడం లేదు.

పోయిన వానాకాలం మా టీములో కొత్తగా చేరిన వరంగల్ అబ్బాయికి ఒక పని అప్పజెప్పాం. ఆ వారంలో ఒక టేబుల్‌లో వేసిన టెస్ట్ రికార్డులు తీసేయాలి. మేం వాడే జావా లైబ్రరీలో (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌లో) అందుకు పనికొచ్చేలా కనిపించే ఫంక్షన్ ఉంది. దాని డాక్యుమెంటేషన్ పేజీలో ఉన్న ఇంగ్లీషు వాక్యం తెలుగులో చెప్పాలంటే "వయసు పరిమితి రికార్డులు తీసేయబడతాయి" అని. గడువు లోపలివి పోతాయేమో అనుకుని 7 ఇచ్చి రన్ చేశాడు. వారం రోజులవి చెక్కుచెదరలేదు. అంతకుముందు మూడేళ్లవి పోయాయి. బ్యాకప్ నుంచి తెచ్చుకునేసరికి తెల్లవారుజామున నాలుగైంది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

మర్నాడు సోర్స్ కోడ్ తెరిచి చూశాను. రాసినవాళ్లు కామెంట్, అంటే కోడ్ పక్కన మనుషుల కోసం రాసే వివరణ, సరిగ్గానే రాశారు. వయసు పరిమితి కన్నా తక్కువైతే ఉంచుతుంది, ఎక్కువైతే తీసేస్తుంది అని. కాకపోతే తక్కువ, ఎక్కువ అన్నచోట లెస్‌దేన్ (<), గ్రేటర్‌దేన్ (>) గుర్తులు పెట్టారు. మొదటి గుర్తుకీ పక్కనున్న మాటకీ మధ్య ఖాళీ కూడా వదల్లేదు. కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ పేజీ తయారుచేసే జావాడాక్ అనే సాధనం ఆ కామెంట్‌ని హెచ్‌టీఎంఎల్‌గానే (వెబ్ పేజీలు రాసే భాషగానే) పేజీలోకి పంపుతుంది. ఆ భాషలో ఈ రెండు గుర్తుల మధ్య రాసేది ట్యాగ్, అంటే బ్రౌజర్‌కిచ్చే ఆదేశం; అది పేజీలో కనిపించదు. మొదటి గుర్తు దగ్గర ట్యాగ్ మొదలైందని, రెండో గుర్తు దగ్గర ముగిసిందని బ్రౌజర్ అనుకుంది. మధ్యలో ఉన్న "ఉంచుతుంది" అన్న ముక్కంతా మింగేసింది. అటు కొస, ఇటు కొస అతుక్కుని ఆ వాక్యం తయారైంది.

"పేజీ నాలుగుసార్లు చదివాను మేడమ్. సరిగ్గా అర్థం కాలేదు. నా ఇంగ్లీషే బాలేదనుకున్నా" అన్నాడా అబ్బాయి. టెన్త్ దాకా తెలుగు మీడియం. అందుకే అడగడానికి మొహమాటపడ్డాడు. రికార్డులు పోయినందుకన్నా ఈ మాటకి నాకు ఎక్కువ బాధేసింది. అచ్చులో ముక్క ఎగిరిపోతే తన చదువే తక్కువని నమ్మే పిల్లలు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో!

ఆ షరతులని కోడ్ ట్యాగ్‌లో పెడితే గుర్తులు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి. మార్చింది ఒకే ఒక్క లైను. పక్కన కూర్చుని అతని చేతే చేయించి, అతని పేరు మీదే పంపించాను. లైబ్రరీ వాళ్లు వారంలో కలుపుకున్నారు.

ఇలాంటివి పట్టుకునే తనిఖీ 2014లో వచ్చిన జావా 8 నుంచే జావాడాక్‌లో ఉంది. బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారయ్యే పని) ఆగిపోతోందని చాలా ప్రాజెక్టుల్లో దాన్ని ఆపేస్తారు. నాకది అస్సలు నచ్చదు. 2024లో వచ్చిన జావా 23లో కామెంట్లు మార్క్‌డౌన్‌లోనూ (మామూలు గుర్తులతోనే ఇటాలిక్ లాంటివి చూపించే తేలిక పద్ధతిలోనూ) రాయొచ్చు. అయితే డేటాబేస్ లైబ్రరీలకి అక్కడా చిక్కే, ఎందుకంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ నిండా మార్క్‌డౌన్ వేరే అర్థం తీసుకునే గుర్తులే. రికార్డులు లెక్కపెట్టడానికి కౌంట్ పక్కన బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు పెట్టి COUNT(*) అనడం రోజూ రాసేదే కదా. ఇది కోడ్ అని చెప్పే బ్యాక్‌టిక్ (`) గుర్తులు లేకుండా ఒకే పేరాలో రెండుసార్లు రాస్తే రెండు నక్షత్రం గుర్తులూ మాయమై, మధ్యలో మాటలు ఇటాలిక్‌లోకి వాలిపోతాయి.

అందుకే ఇంజనీరింగ్ కాలేజీలకు నా విన్నపం. ఫైనలియర్ ప్రాజెక్టు మార్కుల్లో కొన్ని ఈ పనికి కేటాయించండి. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) డేటాబేస్ లైబ్రరీ ఒకటి తీసుకుని, సోర్స్‌లోని కామెంట్‌నీ తయారైన పేజీనీ పక్కపక్కన పెట్టి చదవమనండి. తేడా కనిపిస్తే, ఫంక్షన్‌ని రన్ చేసి నిజమేదో తేల్చుకుని, సరిచేసి పంపమనండి. లైబ్రరీ వాళ్లు రివ్యూలో అడిగే ప్రశ్నలూ, స్టూడెంట్ ఇచ్చే జవాబులూ తేదీలతో సహా అందరికీ కనిపిస్తాయి. ఏ షాపులోనూ దొరికే సరుకు కాదది.

కూకట్‌పల్లి, నిజాంపేట చుట్టుపక్కల ఏ కాలేజీ పిలిచినా శనివారం మధ్యాహ్నాలు వచ్చి నేర్పుతాను. డబ్బులేమీ వద్దు. ప్రొజెక్టర్ ఉన్న గది ఒకటి ఇస్తే చాలు. మా వరంగల్ అబ్బాయి కూడా వస్తానన్నాడు.

— ఒక డేటాబేస్ ఇంజనీరు, కూకట్‌పల్లి, హైదరాబాద్