వినకుండా వెలివేయొద్దు

సంపాదకుల వారికి,

క్రైస్తవ సంఘాల్లో దుర్బోధ, అంటే విశ్వాసానికి విరుద్ధమైన బోధ గురించి, సంఘ పెద్దల అధికారం గురించి మీ పత్రికలో వస్తున్న లేఖలు చదువుతున్నాను. పెద్దలు చెప్పిందే తుది మాట అని కొందరంటారు. చేతిలో బైబిలుంటే చాలు, ఎవరి పెత్తనమూ అక్కర్లేదని ఇంకొందరు. ఈ గొడవలో అసలు ప్రశ్న పక్కకు పోతోంది. ఒక మనిషిని దుర్బోధకుడని తేల్చేముందు, అతను చెప్పేది ఎవరైనా కూర్చుని విన్నారా?

సిద్ధాంతం ఎలా ఉన్నా ఫర్వాలేదని నేననడం లేదు. క్రీస్తు దేవుడా, లేక సృష్టి పొందినవాడా అన్నది చిన్న తేడా కాదు. 325లో నికయాలో కూడిన బిషప్పుల సభ, క్రీస్తు సృష్టి పొందినవాడన్న అరియస్ బోధను తోసిపుచ్చడం సరైనదేనని మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ అదే నికయా విశ్వాసం కోసం నిలబడ్డ బిషప్పు అతనాసియస్‌ను తర్వాత ఐదుసార్లు ప్రవాసానికి పంపారు. 359లో రిమినిలో కూడిన బిషప్పులు చక్రవర్తి ఒత్తిడికి లొంగి, నికయా మాటను పక్కనపెట్టిన విశ్వాస ప్రమాణం మీద సంతకాలు పెట్టారు. సభలో ఎక్కువ చేతులు లేచినంత మాత్రాన అది సత్యమైపోదు.

వినకుండా తీర్పిస్తే ఏమవుతుందో ఎఫెసులో కూడిన బిషప్పుల సభ చూపించింది. మరియను ‘దేవుని తల్లి’ అనవచ్చా అన్న వాదంలో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్తోరియస్‌పై విచారణ అది. అతని పక్షాన మాట్లాడగల అంతియొకయ బిషప్పు యోహాను, అతని తోటి బిషప్పులు ఇంకా దారిలోనే ఉన్నారు. వాళ్ళు వచ్చేదాకా సభకు రానని నెస్తోరియస్ అన్నాడు. సభను నడిపిన అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ ఆగలేదు. 431 జూన్ 22న సభ తెరిచి, ఆ ఒక్క రోజులోనే అతన్ని పదవి నుంచి తొలగించేశారు. కొద్ది రోజులకు యోహాను వచ్చి వేరే సభ పెట్టి సిరిల్‌నే తొలగిస్తున్నామన్నాడు. 433లో ఈ ఇద్దరూ రాజీపడ్డారు గానీ, నెస్తోరియస్‌పై ఆ తీర్పును ఒప్పుకోని తూర్పు సంఘం మాత్రం వేరుగానే మిగిలిపోయింది. చివరికి 1994 నవంబరులో పోపు రెండో జాన్ పాల్, ఆ తూర్పు సంఘ అధిపతి (పాట్రియార్కు) మార్ దిన్ఖా కలిసి ఒక ప్రకటనపై సంతకం చేశారు. మరియను ఆ సంఘం పిలిచే పేరు, కాథలిక్ సంఘం పిలిచే పేరు రెండూ సరైనవేనని, చీలికలకు చాలావరకు అపార్థాలే కారణమని అందులో ఒప్పుకున్నారు. పదిహేను వందల ఏళ్ళు దాటాక! మధ్యలో ఎన్ని తరాల విశ్వాసులు ఒకరినొకరు శత్రువులుగా చూసుకుంటూ చనిపోయారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అధికారం గురించి కూడా ఒక మాట. ఎవరైనా ప్రశ్న అడగగానే “అభిషిక్తులను ముట్టకూడదు” అనే వాక్యం తీస్తారు. 105వ కీర్తన మొత్తం చదవండి. అక్కడ అభిషిక్తులు, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళు, గద్దె మీద కూర్చున్నవాళ్ళు కాదు. దేశం నుంచి దేశానికి తిరుగుతున్న కొద్దిమంది పరదేశులు. వాళ్ళ జోలికి వెళ్ళొద్దని దేవుడు గద్దించింది రాజులను. బలవంతుల నుంచి బలహీనులను కాపాడిన మాటను పెద్దల నోటి నుంచి విశ్వాసుల మీదికి విసరడం అన్యాయం. పేతురును యెరూషలేములో సంఘస్థులు నిలదీస్తే, నన్నే అడుగుతారా అనలేదు. జరిగింది మొదటి నుంచి వరుసగా చెప్పాడు. అది అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలోనే ఉంది. అపొల్లో అనే బోధకుడు బాప్తిస్మమిచ్చే యోహాను బాప్తిస్మం మాత్రమే తెలిసి బోధిస్తుంటే, ప్రిస్కిల్ల, అకుల దంపతులు సమాజమందిరంలో అతని పరువు తీయలేదు, అతన్ని చేర్చుకుని ఇంకా స్పష్టంగా వివరించారు. తీతుకు రాసిన పత్రికలో కూడా ఒకటి రెండుసార్లు బుద్ధి చెప్పాకే విడిచిపెట్టమని ఉంది.

కాబట్టి సంఘ పెద్దలకు నా విన్నపం. ఎవరి బోధ మీదైనా ఫిర్యాదు వస్తే, ఏ మాట తప్పో, ఏ వాక్యానికి విరుద్ధమో కాగితం మీద రాసి ఆ మనిషికివ్వండి. జవాబు చెప్పుకోవడానికి తగిన గడువివ్వండి. ఫిర్యాదు చేసినవాళ్ళే తీర్పరులుగా కూర్చోకూడదు. విచారణ పూర్తయ్యేదాకా వేదిక మీద నుంచి అతని పేరెత్తకండి, అతని పిల్లల్ని సహవాసం నుంచి దూరం పెట్టకండి. ఇంత చేశాక కూడా అతను విశ్వాసానికి విరుద్ధమైన బోధే చేస్తానంటే, బోధించే బాధ్యత నుంచి తప్పించండి. ఆ నిర్ణయానికి నేనూ మద్దతిస్తాను.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు