సర్క్యూట్ బోర్డు కిట్‌లోని ప్రమాదకరమైన సూచనపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: పాఠశాల సర్క్యూట్ బోర్డు కిట్ తెలుగు సూచనల పుస్తకంలోని తప్పు, తీగల పిన్నుల వల్ల ప్రమాదం గురించి.

అయ్యా,

మా ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి విద్యుత్ పాఠం కోసం మీ కంపెనీ సర్క్యూట్ బోర్డులు ఆరు గత నెలలో కొన్నాము. పలక మీద రెండు బల్బు హోల్డర్లు, ఒక స్విచ్, నాలుగు 1.5 వోల్టుల సెల్లులు పట్టే పెట్టె, రెండు చివరలా పిన్నులున్న ఎర్ర, నల్ల తీగలు ఉన్నాయి. బోర్డు పనితనం గురించి నాకు పేచీ లేదు. బల్బులు చక్కగానే వెలిగాయి.

పేచీ అంతా సూచనల పుస్తకంతోనే, ముఖ్యంగా మూడో పేజీతో. ఇంగ్లీషు భాగంలో తీగలను 6 వోల్టుల డీసీ సరఫరాకు, అంటే మా ల్యాబుల్లో సెల్లులకు బదులు వాడే బ్యాటరీ ఎలిమినేటర్‌కు, కలపమని ఉంది. తెలుగు భాగంలో మాత్రం "ఎర్ర, నల్ల తీగలను కరెంటు సరఫరాకు కలపండి" అని మాత్రమే అచ్చు వేశారు. తెలుగు ఇళ్లలో కరెంటు అంటే గోడకున్న స్విచ్ బోర్డే. "కరెంటు పోయింది" అన్నప్పుడు టార్చిలైటు సెల్లు ఎవరికీ గుర్తుకు రాదు.

గురువారం మూడో పీరియడులో ఒక అమ్మాయి ఆ వాక్యాన్ని పైకి చదివి, నేను వెనక బెంచీ దగ్గర ఉండగా, ఎర్ర తీగ పిన్నును గోడ సాకెట్ దాకా తీసుకువెళ్లింది. రెండో చివర ఆమె ఎడమ చేతి వేళ్ల మధ్య ఉంది. పక్క పిల్లవాడు "మేడమ్!" అని అరవడంతో పరుగున వెళ్లి ఆపగలిగాను. మీ పిన్నులు 4 మిల్లీమీటర్ల మందం ఉన్న నగ్నమైన లోహపు కడ్డీలు. రంధ్రాలను మూసి ఉంచే షట్టర్లు లేని మా పాత సాకెట్ రంధ్రాల్లో అవి సులువుగా దూరుతున్నాయని తరవాత మెయిన్ స్విచ్ తీసేసి నేనే పరీక్షించాను. అక్కడ ఉండేది 6 వోల్టులు కాదు, 230 వోల్టులు. ఆ పిల్ల అజాగ్రత్తగా ఏమీ లేదు, పుస్తకం చెప్పినట్టే చేసింది.

ఏడో పేజీ బొమ్మలో మరో లోపం ఉంది. స్విచ్‌ను బల్బుతో శ్రేణిలో కాక నేరుగా సెల్లుల పెట్టె రెండు కొసల మధ్య గీశారు. అలా కలిపి స్విచ్ వేస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. తరగతికి ముందు నేను కలిపి చూసినప్పుడు నిమిషంలోపే తీగ వేలు పెట్టలేనంత కాలింది, పెట్టె మూల మెత్తబడింది. వలయంలో ఫ్యూజు లేదు.

కాబట్టి తీగలను మొసలి క్లిప్పులున్నవాటితో మార్చి పంపాలని, సరిదిద్దిన తెలుగు పుస్తకంతోపాటు "గోడ సాకెట్‌కు కలపరాదు" అనే హెచ్చరికను బోర్డు మీదే అతికించేలా ఇవ్వాలని, ఈ కిట్ కొన్న ఇతర పాఠశాలలన్నిటికీ వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. మొదటి రెండింటికీ ఆగవచ్చు గానీ చివరిది రేపటికి వాయిదా వేయదగినది కాదు. సరైన వాడకం సూచనలు లేకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెబుతున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

బిల్లు నకలు, ఆ రెండు పేజీల ఫోటోలు, మెత్తబడిన పెట్టె ఫోటో జతపరిచాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము. అంతవరకు ఆరు బోర్డులూ ల్యాబు బీరువాలో తాళం వేసి ఉంటాయి.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని