ఆ చిన్న బీరువా ఆటబొమ్మ కాదండీ

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం పాత ఇళ్ల సామాన్ల మీద మీరు వేసిన ఫొటోల్లో జానెడున్నర ఎత్తు టేకు బీరువా ఒకటి ఉంది. కింద ‘తాతల కాలం పిల్లల ఆటబొమ్మ’ అని రాసేశారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాను, తలుపుకి ఇత్తడి తాళం, లోపల మూడు సొరుగులు. ఆటబొమ్మకి తాళం ఎవరు పెట్టిస్తారండీ?

మా ఇంట్లోనూ అలాంటిదే ఉండేది. పై సొరుగులో మా అవ్వ కమ్మలు, ముక్కుపుడక, నడిమి దాంట్లో ప్రామిసరీ నోట్లు, కింది దాంట్లో జాజికాయ, జాపత్రి. తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లోనే. అవ్వ పోయాక మా చిన్నాయన దాన్ని పాతసామాన్లు కొనే ఆయనకి 1500కి ఇచ్చేశాడు, ‘పిల్లల బొమ్మకి ఇంతకన్నా ఎవరిస్తారు’ అన్నాడట ఆయన. అందుకే ఆ మాట వింటే నాకు మండుతుంది.

ఆటబొమ్మలంటే మా ఇంట్లో తిరుపతి లక్కపిడతలు, అంచులు అరిగి, రంగు పోయి, పంటిగాట్లు కూడా ఉన్నవి. వాటికీ దీనికీ పోలికే లేదు.

ఇంకో కథ కూడా చెబుతారు, పని నేర్చుకునే కుర్రాడు గురువుకి చూపించడానికి చేసిందని. ఇంగ్లండులో పాతవస్తువుల వ్యాపారులు ఈ మాట తెగ వాడతారు, వింటే ముచ్చటేసి ధర పెరుగుతుంది కదా. నిజంగా అలా చేసినవి లేకపోలేదు, ఫ్రాన్సులో వడ్రంగులు తమ పనితనం చూపించుకోవడానికి చేసిన చిన్న చిన్న మెట్ల నమూనాలు న్యూయార్క్ కూపర్ హెవిట్ మ్యూజియంలో బోలెడు ఉన్నాయి. కానీ ప్రతి చిన్న బల్లనీ ఆ లెక్కలో వేయడానికి ఆధారాలు చాలవు. మా బీరువా ఇంట్లో ఉన్నప్పుడు మా వీధి వడ్రంగి ఆచారికి చూపిస్తే సొరుగు బయటికి లాగి మూల చూపించాడు, మేకు లేదు, పలకల పళ్లు ఒకదాంట్లో ఒకటి వెంట్రుక సందు లేకుండా కూర్చున్నాయి. ‘ఇది నేర్చుకునేవాడు చేసింది కాదు సార్, చెయ్యి తిరిగినవాడి పని’ అన్నాడు. కొన్ని కొట్టు ముందు పెట్టుకోవడానికో, ఊరూరా తిప్పి ఆర్డర్లు తెచ్చుకోవడానికో చేసినవీ ఉంటాయి, నిలువెత్తు బీరువాని బండి మీద ఎన్ని ఊళ్లు తిప్పుతారు?

ఆ మాటకొస్తే బొమ్మరిళ్లు కూడా అన్నీ పిల్లలవి కావు. 1558లో జర్మనీలోని బవేరియా డ్యూకు ఐదో ఆల్బ్రెక్ట్ చేయించుకున్నది తన సంపద చూపించుకోవడానికి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే ధనవంతురాలు 1686 నుంచి ఏళ్ల తరబడి ఒక బొమ్మరిల్లు చేయించింది, దానికైన ఖర్చుతో అక్కడ కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే కొనొచ్చట. ఇప్పుడది రైక్స్ మ్యూజియంలో ఉంది. మన ఢిల్లీ రాష్ట్రపతి భవన్ కట్టిన లట్యెన్స్ కూడా బ్రిటన్ రాణి మేరీకి పన్నెండో వంతు సైజులో బొమ్మరిల్లు చేశాడు, 1924లో పూర్తయింది, అందులో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి! జర్మనీలోనే న్యూరెంబర్గ్ ఊరి వాళ్లవి మాత్రం కొంత పనికొచ్చేవి, ఆడపిల్లలకి ఇంటి నిర్వహణ నేర్పడానికి వాడేవారు.

ఇవన్నీ ఎందుకు, మన విశాఖపట్నం సంగతే చూడండి. 18వ శతాబ్దంలో అక్కడి కంసాలులు దొరల బీరువాల్నీ రాతబల్లల్నీ చూసి చిన్నవి చేసేవారు. చెక్క మీద ఏనుగు దంతం రేకులు అతికి, దాని మీద పూలతీగలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. నగలకి, ఉత్తరాలకి, కుట్టుసామానుకి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పని పెట్టుకున్నారు, మనమేమో ఇక్కడ ఆటబొమ్మ అంటున్నాం.

మీ ఫొటోలోది అంత ఖరీదైందని నేననడం లేదు. ఆ ఇంటివాళ్లని మళ్లీ కలిసి సొరుగులు బయటికి లాగి, వెనక పలక, మూలలు ఫొటో తీసి వేయండి. కింది సొరుగు వాసన చూడమనండి. తాళంచెవి ఇంకా ఇంట్లో ఉందేమో కూడా అడగండి, మా ఇంట్లో అది ఉంది, బీరువానే లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా